అడగని వాళ్లకేం కావాలి?

ప్రతి ఇంట్లోనూ ఒక పద్దు పుస్తకం వుంటుంది. పుస్తకం లేని ఇంట్లో కనీసం గోడమీద కేలెండరైనా వుంటుంది, పాలవాడు రాని రోజున సున్న చుట్టడానికి. ఈమధ్య ఫోనులో రాసుకునేవాళ్లూ వున్నారు. ఎక్కడ రాసినా పద్దులు మాత్రం అవే. పాలు, కూరలు, గ్యాసు బండ, కరెంటు, పనిమనిషి జీతం, పిల్లల ఫీజులు. నెలాఖరుకి కూడిక వేసి "ఇంతయిందా!" అని గుండెలమీద చెయ్యి వేసుకుంటాం. ఆ కూడికలో మనం ఎక్కడా కనపడం. తెల్లవారి అయిదింటికి లేచిన మనిషి రాత్రి పదింటికి వంటింట్లో దీపం ఆర్పేలోగా ఖర్చుపెట్టిన దానికి పద్దు లేదు. డబ్బిచ్చి కొన్నది కాదు గనుక అది ఖర్చు కాదు. మనం తెలివితక్కువగా రాసుకుంటున్నామనుకోకండి. దేశం మొత్తం ఆదాయం లెక్కగట్టే పెద్దలు కూడా ఇదే పద్ధతి పాటిస్తారు.

"మళ్లీ ఆడవాళ్ల కష్టాల పాటేనా?" అని పేజీ తిప్పెయ్యకండి. నేను చెప్పబోయేది ఇంజనీర్ల సంగతి.

ఇప్పుడు ఏ పెద్ద విశ్వవిద్యాలయానికి వెళ్లినా ఒక పరిశోధనా కేంద్రం బోర్డు కనిపిస్తుంది. తరిగిపోని శక్తి, తుఫానుకు ఒరగని స్తంభాలు, భూకంపానికి కూలని ఇళ్లు, వరదకు కొట్టుకుపోని వంతెనలు. నాబోటి బి.ఏ. మనిషి ఆ బోర్డులు చదివి దణ్ణం పెట్టుకుని వచ్చెయ్యవలసిందే. అవన్నీ కావలసిన పనులే, కాదనను. కాని శక్తి అనేదాన్ని ఎక్కడినుంచి లెక్కపెట్టడం మొదలుపెట్టాలి? బొగ్గు నుంచా, డైనమో నుంచా, లేక కట్టెలమోపు నెత్తిన పెట్టుకుని నడిచే మనిషి మెడ నుంచా? ఈ ప్రశ్న యాభై ఏళ్ల కిందటే ఒకాయనకు తట్టింది.

ఆయన పేరు అమూల్య రెడ్డి. అమూల్య అనగానే మన వీధిలో అమ్మాయి అనుకునేరు, మగాయనే. పూర్తి పేరు అమూల్య కుమార్ నారాయణ రెడ్డి. బెంగుళూరులో ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ వుంది కదా, 1909లో పుట్టిన సంస్థ, పాతకాలం వాళ్లు టాటా ఇన్‌స్టిట్యూట్ అంటారు. అక్కడ ఆచార్యుడు. విద్యుత్ రసాయన శాస్త్రంలో ఆయన, బాక్రిస్ అనే ఆచార్యుడూ కలిసి 1970లో తెచ్చిన పుస్తకం ప్రపంచమంతటా కాలేజీల్లో చదివారు. అటువంటి మనిషి ఆ పేరుప్రతిష్ఠలు పక్కనపెట్టి పొయ్యిలు, పేడ, మట్టి ఇటుకలు అంటూ బయలుదేరాడు. తోటి పండితులు ముక్కున వేలేసుకోకుండా వుంటారా! 1974లో ఆ సంస్థలోనే ఒక కేంద్రం పెట్టాడు. గ్రామాలకు శాస్త్ర సాంకేతిక విజ్ఞానాన్ని వినియోగించడం అనే ఇంగ్లీషు మాటల మొదటి అక్షరాలు కలిపితే 'ఆస్ట్రా' అయింది. మన భాషలో చదువుకుంటే అస్త్రం. ఆ కేంద్రమే తర్వాత కాలంలో పేరు మార్చుకుని, నిలకడైన సాంకేతికాల కేంద్రంగా ఆ ఆవరణలో నడుస్తోంది.

బెంగుళూరులో కూర్చుంటే పల్లెలు తెలియవని తుముకూరు జిల్లా కుణిగల్ తాలూకాలో ఉంగ్ర అనే ఊళ్లో ఒక శాఖ పెట్టారు. ఆ చుట్టుపక్కల ఆరు ఊళ్లలో ఇంటింటికీ తిరిగి లెక్కలు రాశారు. ఏ కట్టె ఎక్కడినుంచి వస్తోంది, ఎవరు తెస్తున్నారు, ఎంతసేపు పడుతోంది, నీళ్లబావి ఎంత దూరం. మామూలుగా శక్తి సర్వే అంటే ఎన్ని ఇళ్లకు కరెంటుందో రాసుకుని, మోటారు ఎన్ని హార్స్‌పవరో అడిగి, కాఫీ తాగి వచ్చేస్తారు. వీళ్లు మనిషినీ శక్తి పద్దులోనే రాశారు. నా దృష్టిలో అది సామాన్యమైన పని కాదు. పేదవాళ్లను చూసి జాలిపడే వాళ్లు దేశంలో ఎప్పుడూ వున్నారు. గడియారం పట్టుకుని వాళ్ల వెంట నడిచినవాళ్లు తక్కువ.

ఆ ఆరు ఊళ్లలో పుర అని ఒక చిన్న ఊరు. 1977లో 56 ఇళ్లు, 357 మంది జనం. వంటకట్టెల కోసం ఒక్కొక్క ఇల్లు సగటున రోజుకు 2.6 గంటలు, 4.8 కిలోమీటర్ల నడక. నీళ్ల కోసం మరో గంటన్నర, 1.6 కిలోమీటర్లు. ఇంతా చేస్తే తలకు 17 లీటర్ల నీళ్లు. మన ఇళ్లలో రెండుసార్లు ఫ్లష్ నొక్కితే ఆ పదిహేడు లీటర్లూ చెల్లు. ఊళ్లో మనుషులు పడే శ్రమ మొత్తం కూడితే అందులో నూటికి 53 పాళ్లు ఆడవాళ్లది, 31 మగవాళ్లది, మిగిలిన 16 పిల్లలది.

ఆ చివరి అంకె దగ్గర ఒక్క నిమిషం ఆగండి. పిల్లలను బడికి పంపరేం, ఇద్దరితో ఆపరేం అని మనం పల్లెటూరి వాళ్లను ఎంత తేలిగ్గా అనేస్తాం! ఊరి పనిలో ఆరో వంతు పిల్లల చేతులమీద నడుస్తుంటే, బడికి పంపడమంటే పొయ్యి ఆర్పుకోవడమే. అమూల్య రెడ్డి ఈ మాట పదే పదే రాశాడు. కట్టెలకూ కుటుంబ నియంత్రణకూ ఏం సంబంధం అంటే, ఇదీ సంబంధం.

ఈ లెక్కలు పట్టుకుని 1982లో శ్రీలతా బాట్లీవాలా అనే ఆవిడ ఇంకో మాట అంది. పేదింటి ఆడది నీరసంగా వుందంటే అందరం చెప్పేదొకటే, తిండి చాలటం లేదు, ఇంకాస్త పెట్టండి అని. ఆవిడ అదే తక్కెడను రెండోవైపు నుంచి చూసింది. తినేది పెంచడం ఒక దారి, ఖర్చయ్యేది తగ్గించడం ఇంకో దారి. కట్టెలమోపు దించితే, బిందె దించితే, అదీ తిండి పెట్టినట్టే. నేను నవలల్లో ఎంతమంది ఆడవాళ్లను అలసిపోయేట్టు చేశానో లెక్కలేదు గాని, అలసటకూ అన్నానికీ మధ్య ఇంత దగ్గర దారి వుందని ఏ కవీ నాకు చెప్పలేదు.

సరే, లెక్క తేలింది. ఇక చెయ్యవలసింది ఇంజనీర్లు. మొదట పొయ్యి పట్టారు. మన మూడు రాళ్ల పొయ్యిలో మండిన కట్టె వేడిలో గిన్నెకు అందేది నూటికి పది పాళ్ల దగ్గరే. తక్కినదంతా గాలికీ, గోడకీ, ఊదుగొట్టం పట్టుకున్న మనిషి మొహానికీ. మంటను పెట్టెలాగా మూసి, కింద జల్లెడలాంటి ఇనుపతట్ట పెట్టి, గాలి ఎంత కావాలో అంతే లోపలికి రానిచ్చి, వేడిగాలి ఒక గిన్నె కిందినుంచి రెండో గిన్నెకు, అక్కడినుంచి మూడోదానికి వెళ్లేట్టు దారి కట్టి, చివర పొగగొట్టం నిలబెట్టారు. 'ఆస్ట్రా ఒలె' అని పేరు. ఒలె అంటే కన్నడంలో పొయ్యి. కట్టెలు బాగా ఆదా అయ్యాయి, పొగ బయటికి పోయింది. అదే కేంద్రంలో జగదీశ్ అనే ఆచార్యుడూ ఆయన బృందమూ మట్టిలో కాస్త సిమెంటు కలిపి, మరలో నొక్కి, బట్టీలో కాల్చనక్కర్లేని ఇటుకలు చేశారు. ఆ ఇటుకలతో కట్టిన ఇళ్లు బెంగుళూరు చుట్టుపక్కల ఇప్పటికీ చూడవచ్చు.

పొయ్యి కథ మాత్రం ప్రభుత్వం చేతిలో పడ్డాక మరోదారి పట్టింది. 1980ల నడుమనుంచి 2002 దాకా దేశమంతా మెరుగైన పొయ్యిల పథకం నడిచింది. రకరకాల పొయ్యిలు కలిపి మూడు కోట్లకు పైగా పంచామని లెక్క చూపించారు. పంచినవాటికి లెక్క వుంది, వండినవాటికి లేదు. గిన్నె కొలత పొయ్యి నోటికి సరిపోవాలి. కట్టెలు చిన్నచిన్నగా చీల్చాలి. గొట్టంలో మసి దులపాలి. అన్నిటికంటే ముఖ్యం, ఆ పొయ్యి పగిలితే అతకడానికి ఊళ్లో ఒకరుండాలి. వంట ఎరిగిన ఏ ముసలమ్మను అడిగినా ఇవన్నీ వేళ్లమీద చెప్పేది.

పురలో ఇంజనీర్లు ఇంకో పని తలపెట్టారు. ఊరి పశువుల పేడంతా ఒకచోట చేర్చి, గ్యాసు తీసి, అన్ని ఇళ్లకూ వంటకిద్దామని. ఎంత చక్కటి ఆలోచన! కట్టెల నడక తప్పుతుంది, పొగ తప్పుతుంది, గ్యాసు పోగా మిగిలిన మడ్డి పొలానికి ఎరువవుతుంది. కట్టారు కూడా. ఊరందరి వంటకూ చాలినంత గ్యాసు రాలేదు. అదొక్కటే అయితే ఇంకో రెండు గేదెలతో సరిపోయేదేమో. ఊరివాళ్లకు అసలు ఆ గ్యాసు మీద మోజే లేదు. కట్టెలు ఊరికే వస్తున్నాయి కదా అన్నారు. డబ్బు పెట్టి కొనేవి కావు, నడిచి తెచ్చుకునేవి. నడక ఊరికే! మన పద్దు పుస్తకమే పురలోనూ వుందన్నమాట.

మరి మీకేం కావాలయ్యా అంటే, నీళ్లు కావాలన్నారు.

చదువుకున్నవాళ్లకు ఇక్కడే పరీక్ష. మేం ఇంటింటికీ తిరిగి, తూచి, కొలిచి, మీ కష్టమేమిటో మీకంటే బాగా కనిపెట్టాం, మళ్లీ మీరు చెప్పేదేమిటి అనవచ్చు. చాలామంది అలాగే అంటారు, ఆఫీసుల్లోనూ ఆస్పత్రుల్లోనూ. వీళ్లు అనలేదు. గ్యాసును వంటింటినుంచి తప్పించి ఇంజనుకు మళ్లించారు. 1987లో ఆ గ్యాసుతో, కొంత డీజిలుతో కలిపి నడిచే 5 కిలోవాట్ల చిన్న యంత్రం పురలో తిరగడం మొదలుపెట్టింది. బోరు నీళ్లు పైనున్న ట్యాంకుకెక్కాయి, కుళాయిల్లోకి దిగాయి. ఇళ్లలో దీపాలు వెలిగాయి. ఊరి కుర్రాళ్లే యంత్రం నడిపారు. పేడ తెచ్చి ఇచ్చినవాళ్లకు కిలోకు రెండు పైసలు ఇచ్చి, మడ్డి తిరిగి పొలానికి పంపేవారు. పేడ మోసుకొచ్చేది ఎక్కువగా ఆడవాళ్లూ పిల్లలూ గనుక ఆ రెండు పైసలూ వాళ్ల చేతికే చేరేవి. దాదాపు పదేళ్లు నడిచి ఆగిపోయింది. ఎందుకు ఆగిందో కూడా అమూల్య రెడ్డి దాచుకోకుండా రాసి పెట్టి, 2006లో కన్నుమూశాడు. గొప్పలు అచ్చువేసే పరిశోధకులు దొరుకుతారు గాని, ఆగిపోయిన యంత్రం గురించి రాసేవాళ్లు అరుదు.

అడిగింది ఇవ్వడమే ధర్మం అని ఇక్కడితో నమస్కారం పెట్టేస్తే బాగానే వుంటుంది. నా మనసు ఒప్పుకోవటం లేదు.

పురవాళ్లు నీళ్లడిగారు, సరే. పొగ పోవాలని అడగలేదు. అడగనంత మాత్రాన పొగ ఊరుకుందా? ఆ రోజుల్లోనే కర్క్ స్మిత్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు మనవాళ్లతో కలిసి గుజరాత్ పల్లెల్లో వంట చేసే ఆడవాళ్ల ఒంటికి చిన్న పరికరాలు తగిలించి, వాళ్లు పీల్చే పొగెంతో కొలిచాడు. 1983లో ఆ లెక్క అచ్చయ్యేదాకా కాలుష్యం అంటే కార్ఖానా గొట్టమే అనుకునేవారు. ఇళ్లలో వంటపొగ మూలాన 2020 ఒక్క ఏడాదిలో ప్రపంచంలో 32 లక్షలమంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. వీళ్లలో ఎందరు "నాకీ పొగ వద్దు" అని నోరు తెరిచి అడిగి వుంటారు?

పదేళ్లప్పటినుంచి పొయ్యి ముందు కూర్చున్న మనిషికి దగ్గు రోగంలా కనిపించదు, వయసులా కనిపిస్తుంది. మన అమ్మలు ఎలా వుండేవారో గుర్తు తెచ్చుకోండి. పండక్కి అందరికీ బట్టలు తీసి, "నీకేం కావాలే?" అని నాన్న అడిగితే "నాకేం వద్దండీ, వున్నవి చాలవూ" అనేవారు కాదూ? ఆ మాట నమ్మినవాడు మంచివాడేనా? పోనీ ఆ మాట వినిపించుకోకుండా తనకు నచ్చిన రంగు చీర తెచ్చి పడేసినవాడు మంచివాడా? ఇద్దరిమీదా నాకు కోపమే. మొదటివాడు అడిగానన్న తృప్తితో నిద్రపోతాడు. రెండోవాడు ఇచ్చానన్న గర్వంతో ఊరంతా చెప్పుకుంటాడు. ఊరు అడిగింది అన్నప్పుడూ అంతే. ఊరు అంటే ఎవరు? రచ్చబండ మీద మాట్లాడే గొంతు ఒకటి, బిందె మోసే నడుము ఒకటి. పురలో ఆ రెండూ నీళ్ల దగ్గర కలిశాయి, అది అదృష్టం. అన్ని ఊళ్లలో, అన్ని విషయాల్లో కలుస్తాయా?

ఇంకో చిక్కు కూడా వుంది. మిగిలిన సమయం ఎవరిది? 1983లోనే రూత్ ష్వార్ట్స్ కోవన్ అనే అమెరికన్ చరిత్రకారిణి ఒక పుస్తకం రాసింది. 'అమ్మకు మరింత పని' అని దాని పేరుకు అర్థం. యంత్రాలు వచ్చి పోయినవి మగవాళ్ల పనులూ, పిల్లల పనులూ, నౌకర్ల పనులూ అట. కట్టెలు కొట్టడం మగవాడి పని, గ్యాసు రాగానే అతను బయటపడ్డాడు. వండటం ఆవిడ పని, అది వుండనే వుంది. బట్టలుతికే యంత్రం వచ్చాక వారానికోసారి మార్చే చొక్కా రోజూ మార్చసాగారు. ఎక్కడో అమెరికా సంగతి అనుకోకండి. రుబ్బురోలు వున్న రోజుల్లో ఇడ్లీ అంటే ఆదివారం వైభవం. గ్రైండరు వచ్చాక "ఇవాళ కూడా ఉప్మాయేనా?" అని మొహం చిట్లిస్తున్నారు. మిక్సీ ఒక్క పచ్చడిని మూడు పచ్చళ్లు చేసింది. అమ్మ చెయ్యి నొప్పి తగ్గింది నిజమే, అమ్మ మధ్యాహ్నం మాత్రం పెరగలేదు.

అయినా మిక్సీ తిరిగి ఇచ్చెయ్యమంటే ఇస్తానా? చచ్చినా ఇవ్వను. పల్లెటూరి స్త్రీకి సమయం మిగిల్చి ఏం లాభం, ఇంకో పని నెత్తిన పడుతుంది అని వాదించే మేధావులు కొందరున్నారు. వాళ్లలో ఎవరూ బిందె మోసినవాళ్లు కాదు.

1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దీపం పథకం కింద ఆడవాళ్ల పేర గ్యాసు కనెక్షన్లు ఇచ్చారు. 2016లో కేంద్రం ఉజ్జ్వల తెచ్చింది. కోట్ల ఇళ్లకు బండ చేరింది. చేరిన బండ మళ్లీ నిండాలి కదా, ఆ సంగతి మా ఇంట్లో పనిచేసే ఆవిడ నాకు బాగా చెప్పింది. ఆవిడకూ బండ వుంది, దాని మీద పువ్వుల గుడ్డ కప్పి వుంచుతుంది.

"టీ గ్యాసు మీదేనమ్మా. చుట్టాలొస్తే కూరా అంతే. అన్నం, నీళ్లు కాచుకోడం కట్టెల మీదే. రోజూ బండ మీద వండితే మాకేడ చాలుద్ది?"

"మరి పొగ?"

"పొయ్యి అన్నాక పొగ రాదా?" అని నవ్వింది.

ఇంతమంది ఆచార్యులు చదివించారు కదా, నేనూ అడిగే తీరు మార్చి చూశాను. ఏం కావాలి అంటే ఏం వద్దంటుందని, నీ రోజులో ఏది మారితే బాగుంటుందే అన్నాను. గిన్నె తోమడం ఆపి కాసేపు ఆలోచించింది. గ్యాసు రేటు అంటుందనుకున్నాను, జీతం అంటుందేమోనని కొంచెం భయపడ్డాను కూడా.

"నీళ్ల ట్యాంకరు ఎన్నింటికొస్తదో ముందు రోజు చెబితే చాలమ్మా," అంది. "మూడింటికే లేచి బిందెలు పెట్టుకుని కూచుంటన్నాం. ఒకోనాడు అయిదింటికొస్తది, ఒకోనాడు ఆరు. టయం తెలిస్తే అందాకా పడుకుంటా."